కడుగు, గంజి, కుడితి: ఉంగరాల జుట్టుకు ఏ నీళ్లు?

సందేహం: జుట్టు సంరక్షణ గురించి తెలుగులో రాస్తుంటాను. 'ఉంగరాల జుట్టుకు బియ్యపు నీటి చికిత్స' అని శీర్షిక పెట్టి, లోపల 'బియ్యపు నీరును జుట్టుకు అప్లై చేయాలి' అని రాశాను. బియ్యపు నీరు అనకూడదు, గంజి అనాలని ఒక మిత్రురాలు అన్నారు. కాదు, కుడితి అనాలని మరొకరు అన్నారు. ఏది సరైనది?

సమాధానం: మీ మిత్రులిద్దరూ చెప్పినవి మంచి తెలుగు మాటలే గాని, మీరు రాయదలచిన వస్తువుకు అవి పేర్లు కావు. బియ్యాన్ని తాకిన ప్రతి నీటినీ తెలుగు ఒకే మాటతో పిలవదు. బియ్యాన్ని కడిగినప్పుడు, లేదా కాసేపు నానబెట్టి చేత్తో పిసికినప్పుడు తెల్లగా దిగే నీటికి 'కడుగు' అని పేరు. 'బియ్యపు కడుగు' అన్నా, 'కడుగునీళ్లు' అన్నా అదే. కడగడం అనే పనిని చెప్పే క్రియ, ఆ పనిలో మిగిలిన నీటికి పేరుగా నిలిచిన చక్కని మాట ఇది. జపాన్‌లో హేయాన్ కాలపు (794–1185) రాజాస్థాన స్త్రీలు బియ్యం కడిగిన నీటితో తల దువ్వుకునేవారు. ఆ నీటిని వాళ్లు 'యుసురు' అన్నారు. అటువంటి మాట మనకూ ఉండగా 'రైస్ వాటర్' అని రాయవలసిన అవసరం నాకు కనిపించదు.

కుడితిలోనూ కడుగునీళ్లు ఉంటాయి. అయితే వాటికి గంజి, తవుడు, మిగిలిన మెతుకులు కలిసి పశువుల తొట్టిలోకి చేరినదాన్నే ఇప్పుడు కుడితి అంటున్నాం. తలకు పోసుకునే నీటికి ఆ పేరు పెడితే చదివేవారి మనసు మొదట తొట్టి దగ్గరికే వెళుతుంది.

గంజి విషయంలో మాత్రం పొరపాటు మాటతో ఆగదు, జుట్టు దాకా వెళుతుంది. గంజి అంటే బియ్యం ఉడికిన నీళ్లు. ఉడికేటప్పుడు బియ్యంలోని పిండిపదార్థం నీటిని పీల్చుకుని ఉబ్బి నీళ్లలోకి దిగుతుంది, అందుకే గంజి చిక్కగా ఉంటుంది, ఆరితే పొరకట్టి గట్టిపడుతుంది. నూలు చీరకు గంజి పెట్టి ఆరవేశాక మడత విప్పబోతే పొరలు ఒకదానికొకటి అంటుకుని, విడదీస్తుంటే చిన్న చప్పుడు చేయడం మీరు గమనించే ఉంటారు. చీరకు ఆ బిరుసే అందం. ఉంగరాల జుట్టు సంగతి వేరు. తలపై ఊరే సహజమైన నూనె తిన్నని వెంట్రుక వెంట సులువుగా జారినట్టు మెలికల వెంట కొసదాకా జారదు కనుక, ఆ జుట్టు కొసలు ముందే పొడిబారి ఉంటాయి. వాటిమీద చిక్కని గంజి ఆరితే జుట్టు మెత్తబడడానికి బదులు మరింత బిరుసెక్కుతుంది. మీరు కడుగును ఉద్దేశించి గంజి అని రాస్తే, మీ మాటను నమ్మినవారు పొయ్యిమీది గిన్నె వార్చుకుంటారు. ఉడికిన నీళ్లే కావాలన్నది మీ ఉద్దేశమైతే 'నీళ్లు కలిపి పలచన చేసిన గంజి' అని పూర్తిగా రాయండి. పులియబెట్టినదైతే 'పులిసిన కడుగు' అంటే సరిపోతుంది. కలి, తరవాణి అన్న మాటలు ఉన్నాయి గాని, అవి తాగే వాటికి స్థిరపడినవి.

'బియ్యపు నీరు' వ్యాకరణం దృష్ట్యా తప్పు కాదు. బియ్యపు గింజ, బియ్యపు పిండి అన్నట్టే అదీ. కడిగినవో, నానినవో, ఉడికినవో చెప్పకపోవడమే దాని లోపం. 'నీరును' అన్నది మాత్రం దిద్దుకోవలసినదే. ఏరు ఏటిని, నోరు నోటిని అయినట్టు నీరు 'నీటిని' అవుతుంది. నీళ్లు అని మొదలుపెడితే 'నీళ్లను' అనండి.

మీరు అడగకపోయినా, శీర్షికలోని 'చికిత్స' గురించి చెప్పక తప్పదు. తెలుగులో చికిత్స, మందు అనే మాటల ముందు వచ్చే 'కు' రెండు విధాలుగా పనిచేస్తుంది. 'జ్వరానికి మందు' అన్నప్పుడు జ్వరం పోవాలి, 'కంటికి చికిత్స' అన్నప్పుడు కన్ను బాగుపడాలి. 'ఉంగరాల జుట్టుకు చికిత్స' అన్నప్పుడు జుట్టు బాగుపడాలా, ఉంగరాలు పోవాలా? వెంట్రుకను తిన్నగా సాగదీసే పద్ధతులు ఇంత ప్రచారంలో ఉన్న ఈ రోజుల్లో చాలామంది రెండో అర్థమే తీసుకుంటారు. మెలిక తిరగడం జుట్టు స్వభావమే తప్ప రోగం కాదు. ఉంగరాల జుట్టున్న పిల్ల ఆ శీర్షిక చదివి తన తలలో ఏదో లోపం ఉందనుకోకూడదు. 'సంరక్షణ' అనండి, 'పోషణ' అనండి, ఆ చిక్కు తొలగిపోతుంది. 'ఉంగరాల జుట్టు' అన్న మీ ప్రయోగం ఎంతో బాగుంది, దాన్ని మార్చకండి. గిరజాల జుట్టు అన్నా సరే. అలలా కొద్దిగా మాత్రమే వంగే జుట్టుకు 'నొక్కుల జుట్టు' అన్న వేరే మాట ఉంది. 'ముంగురులు' నుదుటిమీద పడే వెంట్రుకలే గాని, అవి మెలిక తిరిగే ఉండాలని లేదు.

ఇక 'అప్లై చేయాలి' అన్న క్రియ. నూనె పట్టిస్తాం, లేపనం రాస్తాం, నీళ్లు పోసుకుంటాం. మీ వాక్యాన్ని ఇలా మార్చి చూడండి: 'తలస్నానం అయ్యాక పలచని బియ్యపు కడుగును జుట్టు కొసలదాకా తడిసేలా పోసుకుని, కొద్దిసేపు ఉంచి, మంచినీళ్లతో కడిగేయాలి.'