మారిన పేరును సరిదిద్దకు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మాంట్రియల్‌లో నువ్వు అద్దెకున్న ఇంటావిడ పూర్వీకుల మీద రాసిన పేజీలన్నీ రెండుసార్లు చదివాను. నది గడ్డకట్టే రోజుల వర్ణన దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఒక్క పని మాత్రం నచ్చలేదు. పాత కాగితాల్లో హ్యుడోన్ అని, బోల్యూ అని, "హ్యుడోన్ ది బోల్యూ" అని మూడు రకాలుగా ఉన్న పేరును, పాఠకులు తికమకపడతారని మొదటి నుంచి చివరిదాకా బోల్యూ చేసేశావు. ఎందుకమ్మా? వాళ్ళ కథంతా ఆ తికమకలోనే ఉంది.

ఫ్రెంచిలో "ది" అంటే మన దస్తావేజుల్లో అలియాస్ లాంటిది. ఆడవాళ్ళకైతే "దిత్". 1665లో ఫ్రెంచి సైన్యంలోని కారిన్యాన్-సాలియేర్ దళం సైనికులు సుమారు 1,200 మంది న్యూ ఫ్రాన్స్‌లో, అంటే ఇప్పటి కెనడాలో అప్పుడున్న ఫ్రెంచి వలసరాజ్యంలో, దిగారు. సైన్యంలో చాలామందికి ఒక మారుపేరు ఉండేది. లాఫ్లర్ అంటే పువ్వు, సాన్సూసీ అంటే బెంగలేనివాడు. ఓ 400 మంది అక్కడే భూమి తీసుకుని ఉండిపోయారు. వాళ్ళతోపాటు ఆ పేర్లూ ఉండిపోయాయి. పిల్లల్లో ఒకడు తండ్రి అసలు పేరు పట్టుకుంటే ఇంకొకడు మారుపేరు పట్టుకున్నాడు. మొదట్లో నేను అలాంటి అన్నదమ్ములిద్దరి సంతతిని వేర్వేరు కుటుంబాలనుకుని, ఏడాదిపాటు రాసిందంతా మళ్ళీ రాయాల్సి వచ్చింది. నీకు ఆ శ్రమ వద్దు.

దారి తప్పకుండా ఉండాలంటే ఆడవాళ్ళ పేర్లు పట్టుకో. పెళ్ళయితే ఇంటిపేరు మారడం మనకు అలవాటు కాబట్టి మన కన్ను అక్కడే మోసపోతుంది. న్యూ ఫ్రాన్స్ చర్చి రిజిస్టర్లలో, నోటరీ కాగితాల్లో ఆడమనిషి చనిపోయేదాకా పుట్టింటి పేరుతోనే ఉంటుంది. 1663 నుంచి 1673 మధ్య ఫ్రాన్స్ రాజు ఖర్చుతో వచ్చిన దాదాపు 800 మంది అమ్మాయిలు, "రాజు కూతుళ్ళు" అంటారు, వాళ్ళను కూడా ఇలాగే వెతకొచ్చు. పెళ్ళి నమోదులో మామూలుగా రెండువైపుల తల్లిదండ్రుల పేర్లూ రాస్తారు. భర్త పేరు మూడుసార్లు మారినా భార్య పేరు నిన్ను ఒడ్డుకు చేరుస్తుంది.

బాప్టిజం పేర్ల విషయంలో తొందరపడకు. మగపిల్లలకు ముందు జోసెఫ్, ఆడపిల్లలకు ముందు "మరీ" (మన మేరీ) అని చేర్చేవాళ్ళు. ఇంట్లో పిలిచే పేరు చాలావరకు చివర ఉంటుంది. బిడ్డ పోతే తర్వాత పుట్టిన బిడ్డకు అదే పేరు పెట్టేవాళ్ళు. నీ ఎనిమిదో పేజీలో రెండేళ్ళ తేడాతో ఇద్దరు పియేర్‌లు కనిపిస్తే ఒకటి రాతతప్పు అనుకుని కొట్టేశావు. ఖనన రిజిస్టర్ ఒకసారి చూడు. అక్కడ ఒక తల్లి దుఃఖం ఉండి ఉండొచ్చు.

అమెరికా వలస వెళ్ళిన శాఖ దొరకడం లేదన్నావు కదా. ఇంగ్లీషు అర్థంతో వెతుకు. అక్కడికి వెళ్ళాక బ్వావేర్ గ్రీన్‌వుడ్ అయ్యాడు, ర్వా కింగ్ అయ్యాడు.

ఇంకొకటి చెప్పాలి. ఈ ఊళ్ళ రిజిస్టర్లలో ఇంటిపేరే లేని మనుషులున్నారు. "మరీ, పానీ" అని మాత్రమే రాసి ఉంటుంది. పానీ అంటే బానిసలైన ఆదివాసులకు వాడిన మాట. చరిత్రకారుడు మార్సెల్ త్రుదెల్ అక్కడి కాగితాల్లో 4,000కు పైగా బానిసలను లెక్కతేల్చాడు. వాళ్ళలో ఎక్కువమంది ఆదివాసులే. పూర్వీకుల భూమి గురించి అంత ప్రేమగా రాశావు. ఆ భూమి అంతకుముందు ఎవరిదో, ఆ ఇళ్ళలో ఎవరు చాకిరీ చేశారో నీ పేజీల్లో ఎక్కడా లేదు. ఆ ఊరి రిజిస్టర్లు మళ్ళీ తిరగేసి, అలాంటి పేరు కనబడితే ఉన్నది ఉన్నట్టు రాయి. కుటుంబం కల్పించకు.

ఇంటావిడ ముత్తవ్వ పెళ్ళి నమోదు ఫోటో నాకు పంపు. చేతిరాత కష్టంగా ఉందన్నావు. నువ్వు ఫోన్ చేసినప్పుడు ఇద్దరం కూర్చుని అక్షరం అక్షరం చదువుదాం.