పాత గోవాలో బామ్ జీసస్ చర్చి ఒక్కటే ఎర్రగా ఎందుకుంది?

చుట్టుపక్కల చర్చిలన్నీ తెల్లగా ఉంటే బామ్ జీసస్ బసిలికాను మాత్రం ఎర్రరాతితో ఎందుకు కట్టారని మీరు అడిగారు. రాయి అన్నింటికీ ఒకటే. 1594లో యేసుసభ (జెస్యూట్) అనే క్రైస్తవ మఠసంఘపు గురువులు మొదలుపెట్టగా 1605లో ప్రతిష్ఠ జరిగిన ఈ మందిరం కూడా మూడు శతాబ్దాలకు పైగా సున్నపు పూతతోనే ఉండేది. 1950ల తొలినాళ్ళలో, పోర్చుగీసు పాలనలోనే, కట్టడం మరింత పురాతనంగా కనిపించాలనే ఉద్దేశంతో ఆ పూతను గీకించివేశారు.

ఆ రాయి పేరు లాటరైట్. తవ్వినప్పుడు మెత్తగా ఉండి కోతకు లొంగుతుంది, గాలి తగిలాక గట్టిపడుతుంది. అయితే ఒళ్ళంతా రంధ్రాలే కావడంతో నీటిని పీల్చుకుంటుంది. కొంకణ తీరపు వానలకు తట్టుకోవాలనే పాత మేస్త్రీలు దానికి గచ్చు పూసేవారు. నేను మొదటిసారి డిసెంబరులో వెళ్ళి ఆ ఎరుపును చూసి ముచ్చటపడ్డాను. నాలుగేళ్ళ తరువాత జూలైలో, ముసురు పట్టిన రోజున వెళ్ళేసరికి, గోడ తడిసి నల్లబడి ఉంది, రాళ్ళ సందుల్లో నాచు పట్టింది, గోడ మొదట్లో ఎర్రటి పొడి వాననీటితో కలిసి కారుతోంది. ముఖభాగంలో ముంబై దగ్గరి వసాయి నుంచి తెప్పించిన నల్లరాతి చెక్కడాలు మాత్రం, పైన యేసు నామాన్ని సూచించే ‘ఐ.హెచ్.ఎస్.’ అక్షరాలతో సహా, ఇప్పటికీ స్పష్టంగానే ఉన్నాయి.

1552లో చైనా తీరం దగ్గరి ద్వీపంలో మరణించిన యేసుసభ మత ప్రచారకుడు పునీత ఫ్రాన్సిస్ జేవియర్ పార్థివ దేహం ఈ గోడల మధ్యనే ఉంది. గోవా కంసాలులు చేసిన వెండి పేటికను, ఇటలీలోని టస్కనీ పాలకుడు మూడవ కోసిమో కానుకగా పంపిన పాలరాతి సమాధి పీఠం మోస్తోంది. ఫ్లోరెన్స్ శిల్పి ఫొగ్గీని పదేళ్ళు శ్రమించి మలిచిన ఆ పీఠాన్ని 1698లో ఇక్కడ నిలిపారు. అంతటి పనితనానికి కప్పుగా ఉన్న గోడ ఏటా వానకు అరిగిపోతుంటే చూస్తూ ఊరుకోవడం నాకు బాధగా ఉంది. ఎరుపుకు అలవాటుపడినవారు ఒప్పుకోకపోయినా, గచ్చు తిరిగి వేయడమే సరైనదని నా అభిప్రాయం.

మీరు వెళ్ళినప్పుడు రోడ్డు దాటి సే కథీడ్రల్ గోడను కూడా దగ్గరగా చూడండి. ఆ తెల్లటి పూత కింద ఉన్నదీ ఇదే లాటరైట్.