కంచు అద్దం కొనేముందు

చి॥ వాసుకు ఆశీస్సులు.

చైనా పాత కంచు అద్దాలు కూడబెట్టాలని మొదలుపెట్టావటగా. పచ్చటి చిలుము చూసి మాత్రం మురిసిపోకు. నకిలీలు చేసేవాళ్లకు చిలుము పూయడం సులువు, పోత పోయడమే కష్టం.

చైనాను ఏలిన హాన్ వంశం, చాలాకాలం తర్వాత వచ్చిన తాంగ్ వంశం కాలాల అద్దాల్లో నూటికి 24 పాళ్ల దాకా తగరం, కాస్త సీసం, మిగతాది రాగి. అందుకే ఆ లోహం తెల్లగా ఉంటుంది, పింగాణీలా పుటుక్కున విరుగుతుంది. మన కేరళలో చేసే ఆరన్ముళ అద్దం కూడా తగరం దండిగా కలిపిన కంచే. అంచు సొట్టపడి వంగిన 'హాన్ అద్దం' చూపిస్తే బేరమాడకుండా లేచి వచ్చెయ్. తాంగ్ తర్వాతి సోంగ్ వంశం కాలం నుంచి తగరం తగ్గి, సీసం పెరిగింది.

ఇక అద్దం వెనకవైపు నగిషీ. హాన్ వంశం నడుమ గద్దె లాక్కున్న వాంగ్ మాంగ్ కాలపు (క్రీ.శ. 9-23) అద్దాలు చూడు: నడుమ తాడు కట్టే బొడిపె, చుట్టూ చదరం, చదరం నాలుగు పక్కల మధ్య నుంచి ఇంగ్లీషు అక్షరం 'టి' లాంటి గుర్తులు, వాటికి ఎదురుగా 'ఎల్'లు, మూలలకు ఎదురుగా 'వి'లు. తూర్పున డ్రాగన్, పడమట పులి, దక్షిణాన ఎర్రపక్షి, ఉత్తరాన పాము చుట్టుకున్న తాబేలు. డ్రాగన్‌కు ఎదురుగా పులి, పక్షికి ఎదురుగా తాబేలు లేకపోతే అనుమానించు. సింహాలూ ద్రాక్షతీగలూ తాంగ్ సొత్తు. హాన్ గుర్తుల పక్కన ద్రాక్షగుత్తి కనబడితే అది ఎవరి కల్పనో!

అసలు అద్దం నుంచి మూస తీసి పోసిన నకళ్లతోనే ఎక్కువ చిక్కు. కంచు చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి నకలు కాస్త చిన్నదవుతుంది, పులి గోళ్లు, తీగ నూగు మొద్దుబారతాయి. పది రెట్ల భూతద్దంతో గీతల అంచులు చూడు. బొడిపె రంధ్రంలో తాడు ఒరిసిన నునుపు ఉండాలి. అమ్మేవాడు ఒప్పుకుంటే దూదికి అసిటోన్ అద్ది ఓ మూల తుడువు. రంగు దిగితే అది పూత.

కాగితాలు చూడకుండా డబ్బివ్వకు. చైనాలో తవ్వకాల్లో దొరికినవి ప్రభుత్వానివి. తాంగ్ కాలం దాకా వస్తువుల దిగుమతిపై అమెరికా 2009 నుంచి ఆంక్షలు పెట్టింది. మన దేశంలో 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటినదాన్ని బయటకు పంపలేవు.

ఇంటికొచ్చాక చింతపండుతో తోమావో, అద్దం పోయినట్టే. లేతాకుపచ్చ పొడి రాలుతుంటే అది కంచును తినేసే క్లోరైడ్ తెగులు. తేమ తగిలితే ముదురుతుంది. బిగుతు డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి తేమ 40 శాతం లోపు ఉంచు, మ్యూజియం పరిరక్షకులకు చూపించు. విశాఖ గాలిలో అల్మారాలో ఊరికే పెట్టకు.

పెదనాన్న