లక్ష రూపాయల్లో టీవీ, సౌండ్‌బార్, ఇంటి గ్యాడ్జెట్లు: తిరుపతి ఇంటికి ఏవి పనికొస్తాయి?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. కొర్లగుంటలో అద్దె ఇల్లు వదిలి కొత్త అపార్ట్‌మెంట్‌లోకి మారుతున్నారు. టీవీ, సౌండ్‌బార్, రోజూ పనికొచ్చే ఇంకొన్ని కొత్త గ్యాడ్జెట్లు, అన్నీ కలిపి లక్షలో అయిపోవాలి. ఇంట్లో అమ్మ, నాయన, అవ్వ, చదువుకునే తమ్ముడు ఉంటారు. యూట్యూబ్‌లో ఒకరు అద్భుతం అన్నదాన్నే ఇంకొకరు చెత్త అంటున్నారు, ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు.

నేను గాంధీ రోడ్డులో ఒక ఎలక్ట్రానిక్స్ షాపు కౌంటర్లో కొన్నేళ్ళు పనిచేశాను. ఇప్పుడు సొంతంగా టీవీలు, సౌండ్ సిస్టమ్‌లు, ఇన్వర్టర్లు బిగిస్తుంటాను. అందుకని కొనేటప్పుడు జనం ఏం అడుగుతారో తెలుసు, రెండేళ్ళయ్యాక దేనికి ఫోన్ చేస్తారో కూడా తెలుసు. ఆ రెండింటికీ పెద్దగా సంబంధం ఉండదు. కొనేటప్పుడు అడిగేది 4కే ఉందా, డాల్బీ ఉందా, ర్యామ్ ఎంత అని. తర్వాత ఫోన్ చేసేది మాటలు సరిగ్గా వినపడటం లేదని, ఉరుములు ఉరిమాక టీవీ ఆన్ కావడం లేదని, మూడు రిమోట్లలో అమ్మకి ఏది నొక్కాలో తెలియడం లేదని. రివ్యూలు మొదటి జాబితా గురించి మాట్లాడతాయి. నేను రెండో జాబితాని బట్టి చెప్తాను.

అలాగని రివ్యూలు చూడొద్దని కాదు. వాటిలో ఏది తీసుకోవాలో తెలియాలి. టీవీకి ఎన్ని పోర్టులు ఉన్నాయి, మెనూ ఎంత చురుగ్గా కదులుతుంది, స్టాండు కాళ్ళు ఎంత వెడల్పు, ఇవి వీడియోలో నిజంగా కనపడతాయి. రంగులు, వెలుగు గురించి మాత్రం మీ ఫోన్ స్క్రీన్ మీద చూసి నిర్ణయించుకోలేరు కదా, మీకు కనపడేది మీ ఫోన్ రంగులే. పైగా చాలా వీడియోలు వస్తువు చేతికొచ్చిన వారంలోనే, చీకటి గదిలో తీసినవి. కంపెనీ దగ్గర డబ్బో వస్తువో తీసుకుని చెప్తుంటే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. వీడియోలో ఆ ముక్క ఉందో లేదో చూడండి. దాచినవాళ్ళ కంటే చెప్పినవాళ్ళే నయం.

షాపింగ్ సైట్లలో స్టార్ల సంగతి వేరు. ఐదు స్టార్లు ఇచ్చినవాళ్ళలో సగం మంది ప్యాకింగ్ బాగుందనో, డెలివరీ బాబు మర్యాదగా ఉన్నాడనో రాస్తారు. ఒక స్టార్ వాళ్ళకి ఏదో కోపం. నేను నేరుగా మూడు స్టార్ల దగ్గరికి వెళ్తాను. కొన్ని నెలలు వాడాక రాసినవి, ఫోటోలు పెట్టినవి అక్కడే ఎక్కువ దొరుకుతాయి. ఆన్‌లైన్ రివ్యూల కోసం, వస్తువుల నాణ్యతకి ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ బీఐఎస్ 2022లో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చింది గానీ, దాన్ని స్వచ్ఛందంగా పాటించమన్నారు. కాబట్టి జాగ్రత్త మనదే.

టీవీ విషయానికొస్తే, ముందు సైజు. టీవీ ఎన్ని అంగుళాలో దానికి ఒకటిన్నర రెట్లు దూరం ఉంటే 4కే వీడియో హాయిగా చూడొచ్చు. 43 అంగుళాలకి సుమారు ఐదున్నర అడుగులు, 55కి ఏడు అడుగులు. ఈ లెక్క మంచి క్వాలిటీ వీడియోకి మాత్రమే. మీ అవ్వ చూసేది పొద్దున్నే ఎస్వీబీసీలో సుప్రభాతం, మధ్యాహ్నం సీరియళ్ళు అయితే, సెట్‌టాప్ బాక్స్ నుంచి వచ్చేది చాలాసార్లు ఎస్‌డీ సిగ్నల్, అంటే పాత మామూలు క్వాలిటీ. అందులో బొమ్మ పై నుంచి కిందికి ఉండేది 576 అడ్డ గీతలు. 4కే తెరలో 2160 ఉంటాయి. మిగిలినవన్నీ టీవీయే ఊహించి నింపుకోవాలి. మంచి టీవీ దాన్ని శుభ్రంగా చేస్తుంది, చౌక టీవీలో మొహాలు మైనం పూసినట్టు కనపడతాయి. షాపులో ఎవరూ దీన్ని చూపించరు. అన్ని టీవీల్లోనూ నెమలి ఈకలు, రంగు రంగుల పూలు ఉన్న డెమో వీడియో తిరుగుతూ ఉంటుంది. మీరు వెళ్ళినప్పుడు మామూలు కేబుల్ ఛానెల్ ఒకటి పెట్టమనండి. పిక్చర్ మోడ్‌ని వివిడ్ నుంచి స్టాండర్డ్‌కో సినిమాకో మార్చమనండి. షాపతను కాస్త ముఖం చిట్లిస్తాడు, పర్వాలేదు.

రెండోది ప్యానెల్, అంటే తెర రకం. ఓఎల్‌ఈడీ (ప్రతి చుక్కా తనంతట తనే వెలిగే తెర) మీ బడ్జెట్లో రాదు, వదిలేయండి. మిగిలిన ఎల్‌ఈడీ, క్యూఎల్‌ఈడీ టీవీలన్నీ వెనక లైటు ఉన్న ఎల్‌సీడీ తెరలే. క్యూఎల్‌ఈడీలో అదనంగా క్వాంటమ్ డాట్ పొర ఉండి రంగులు మెరుగ్గా వస్తాయి. వీటిలో వీఏ, ఐపీఎస్ అని రకాలుంటాయి. వీఏ ప్యానెల్ అయితే నలుపు బాగుంటుంది కానీ పక్కనుంచి చూస్తే పాలిపోతుంది. ఐపీఎస్ అయితే పక్కనుంచీ రంగు నిలుస్తుంది, రాత్రి లైటు ఆర్పితే మాత్రం నలుపు కాస్త బూడిదగా ఉంటుంది. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ లైవ్ వస్తుంటే చుట్టాలు, పక్కింటివాళ్ళు కలిసి హాలంతా చాపల మీద కూర్చునే ఇల్లయితే నేను ఐపీఎస్ వైపే మొగ్గుతాను. ఇంకో సంగతి, మన వాళ్ళు టీవీని గోడకి మరీ పైన పెట్టమంటారు. సోఫా మీద కూర్చున్నప్పుడు కళ్ళకి ఎదురుగా తెర మధ్య భాగం, లేదా కొంచెం పైన ఉండాలి. నేను ఎంత చెప్పినా షోకేసు పైనే కావాలంటారు, తర్వాత మెడ నొప్పి.

హెచ్‌డీఆర్ (వెలుగు, నీడల తేడా ఎక్కువగా చూపే పద్ధతి) అనే ముద్ర చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. ఆ సిగ్నల్ అర్థం చేసుకోవడం వేరు, దానికి తగ్గ వెలుగు ఇవ్వడం వేరు. 250, 300 నిట్స్ వెలుగుండే టీవీలో తేడా పెద్దగా తెలియదు. అలాగే ప్రాసెసర్, ఆండ్రాయిడ్ వెర్షన్ల గురించి కూడా టెన్షన్ వద్దు. నాలుగైదేళ్ళకి ఏ టీవీ అయినా నెమ్మదిస్తుంది, అప్పుడు కొన్ని వేలు పెట్టి ఒక స్ట్రీమింగ్ స్టిక్ గుచ్చుకుంటే సరిపోతుంది. తెర బాగుంటే చాలు.

మన ఊళ్ళో తరచూ వినపడే మాట ఒకటుంది, ఇక్కడ తయారైన టీవీ కొంటే సర్వీసు త్వరగా దొరుకుతుందని. తిరుపతి చుట్టుపక్కల టీవీల పని పెద్దదే. షావోమీ తన టీవీలను ఇక్కడి డిక్సన్ అనే కంపెనీ ఫ్యాక్టరీలో చేయిస్తామని 2018లోనే ప్రకటించింది, టీసీఎల్‌కి ఇక్కడ ప్యానెళ్ళ ప్లాంటు ఉంది. ఫ్యాక్టరీ పక్కన ఉన్నంత మాత్రాన మీ టీవీకి విడిభాగం అక్కడి నుంచి రాదు. అది బ్రాండు సర్వీసు నెట్‌వర్క్ ద్వారా, వాళ్ళ గోడౌన్ నుంచి వస్తుంది. అడగాల్సింది ఊళ్ళో ఆ బ్రాండుకి సొంత సర్వీస్ సెంటర్ ఉందా, ప్యానెల్ పోతే ఎన్నాళ్ళు పడుతుంది అని.

ఇక సౌండ్. మీ లక్షలో టీవీ సైజు ఒక మెట్టు తగ్గించి అయినా దీనికి డబ్బు మిగల్చండి, ఈ విషయంలో నాకు అనుమానమే లేదు. టీవీలు సన్నబడ్డాక స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటున్నాయి. 20 వాట్లు అని రాసి ఉన్నా మాట గోడకి కొట్టుకుని మన దగ్గరికి వస్తుంది. పెద్దవాళ్ళకి వయసుతో ముందుగా తగ్గేది హై ఫ్రీక్వెన్సీలు వినడం, మాటలో స, శ, త లాంటి హల్లుల స్పష్టత అక్కడే ఉంటుంది. అందుకే నాయన వాల్యూమ్ పెంచుతారు, పాట రాగానే ఇల్లు అదురుతుంది, అమ్మ తగ్గించమని అరుస్తుంది.

దీనికి మందు సెంటర్ ఛానెల్ ఉన్న సౌండ్‌బార్. బాక్సు మీద 2.1 అని ఉంటే కుడి, ఎడమ, ఒక సబ్‌వూఫర్ (బేస్ కోసం విడి స్పీకర్). 3.1 లేదా 5.1 ఉంటే మధ్యలో మాటలకి విడిగా స్పీకర్ ఉంటుంది. 2.1 కొన్నా కనీసం వాయిస్ మోడ్ ఉందో లేదో చూడండి. వాట్ల దగ్గర ఆర్‌ఎమ్‌ఎస్ (నిలకడగా ఇచ్చే శక్తి) అంకెనే నమ్మండి, పీఎమ్‌పీఓ (క్షణకాలపు గరిష్ఠం) అని వేలల్లో రాసేది ఎందుకూ పనికిరాదు. డాల్బీ అట్మాస్ (చుట్టూ, పై నుంచీ వినపడే సౌండ్) అని టీవీ మీద రాసి ఉంటే ఆ సౌండ్ ఇంట్లో వినపడుతుందని కాదు, ఆ ఫైలును చదవగలదని మాత్రమే.

కనెక్షన్ సంగతి చాలామంది పట్టించుకోరు. టీవీలో హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు పక్కన ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ని బయటికి పంపేది) అని రాసి ఉన్న దాంట్లోనే సౌండ్‌బార్ కేబుల్ పెట్టాలి. పక్క పోర్టులో పెట్టి సౌండ్ రావడం లేదని పిలిచేవాళ్ళు ఎంతమందో. అలా పెట్టి సెట్టింగ్స్‌లో సీఈసీ ఆన్ చేస్తే టీవీ రిమోట్‌తోనే సౌండ్ పెరుగుతుంది, టీవీ ఆపితే బారూ ఆగుతుంది. అవ్వ చేతిలో ఒక రిమోట్ తగ్గుతుంది. ఆప్టికల్ కేబుల్‌తో 5.1 వస్తుంది గానీ అట్మాస్ రాదు. బ్లూటూత్‌తో టీవీకి కలపొద్దు, పెదాలకీ మాటకీ పొంతన తప్పుతుంది. టైల్స్ నేల, ఖాళీ గోడలు ఉన్న కొత్త ఫ్లాట్లో సౌండ్ ఖంగుమంటుంది. మందపాటి కర్టెన్లు, కింద ఒక తివాచీ వేస్తే ఏ బటన్ నొక్కినా రాని తేడా వస్తుంది. సబ్‌వూఫర్ మూలలో పెడితే బేస్ మితిమీరుతుంది, పైగా కింద ఫ్లాట్ వాళ్ళు మొదటి వారమే తలుపు కొడతారు.

కరెంటు గురించి ఏ రివ్యూలోనూ చెప్పరు, మన దగ్గర టీవీలు చచ్చేది మాత్రం ఎక్కువ దీనివల్లే. ఇప్పటి టీవీల్లో ఉండే పవర్ సప్లై సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది, టీవీ వెనక రాసి ఉంటుంది చూసుకోండి. కాబట్టి షాపులో అంటగట్టే టీవీ స్టెబిలైజర్ చాలా ఇళ్ళకి అక్కర్లేదు. దెబ్బ కొట్టేది క్షణంలో వచ్చే సర్జ్, అంటే ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో పిడుగులు ఎలా పడతాయో మీకు తెలుసు. దానికి మంచి స్పైక్ గార్డ్ (ఆ దెబ్బని ఆపే ప్లగ్ బోర్డు) కావాలి, అంతకు ముందు సాకెట్లో ఎర్తింగ్ ఉండాలి. ఎర్త్ లేకపోతే స్పైక్ గార్డ్ చేసేది తక్కువ. ఫ్లాట్ తీసుకునే ముందు ఎలక్ట్రీషియన్‌తో ఇది చెక్ చేయించండి. ఉరుములు మొదలయ్యేలోపే ప్లగ్ తీయాలి, అది ఒక్కటే చాలదు, డిష్ కేబుల్, ఇంటర్నెట్ వైరు కూడా పీకాలి. నేను చూసిన కాలిన టీవీల్లో చాలావాటికి పిడుగు దెబ్బ తగిలింది కేబుల్ దారినే.

రోజూ పనికొచ్చే గ్యాడ్జెట్లలో నేను ముందు పెట్టేది ఎవరూ అన్‌బాక్సింగ్ చేయని వస్తువు, వైఫై రౌటర్‌కి చిన్న యూపీఎస్. పన్నెండు వోల్టులది, రెండు వేల లోపే దొరుకుతుంది. కరెంటు పోయినా తమ్ముడి ఆన్‌లైన్ క్లాసు ఆగదు. కొనే ముందు మీ రౌటర్ అడాప్టర్ మీద ఉన్న వోల్టు, ఆంపియర్ సరిపోతాయో చూడండి.

తర్వాత బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే మోటారు ఉన్న) ఫ్యాన్లు. మామూలు ఫ్యాన్ 70, 80 వాట్లు తింటే ఇవి 28 నుంచి 35 వాట్లతో తిరుగుతాయి. మన ఎండలకి రోజుకి పదిహేను గంటలు తిరిగే ఫ్యాన్ అనుకుంటే నెలకి ఒక్కోదానికి సుమారు 18 యూనిట్లు మిగులుతాయి. ఇన్వర్టర్ మీద అదే బ్యాటరీతో దాదాపు రెట్టింపు సేపు తిరుగుతాయి. పాత రెగ్యులేటర్ మాత్రం తీసేయాలి, దానితో కలిపి వాడితే ఫ్యాన్ బోర్డు పాడవుతుంది. రిమోట్ పోతే స్విచ్‌తో కూడా స్పీడ్ మారే మోడల్ చూసుకోండి.

రోబో వాక్యూమ్ వద్దు. చాలా మోడళ్ళు రెండు సెంటీమీటర్లకి మించిన గడప ఎక్కలేవు, మన గడపలు అంతకంటే ఎత్తు. పైగా చాపలు, చీర కొంగులు, పూజ దగ్గర వత్తులు అన్నీ నేల మీదే. స్మార్ట్ స్పీకర్ కూడా అవ్వకి పనికిరాదు, అలెక్సాతో ఇంగ్లీషులోనో హిందీలోనో మాట్లాడాలి. ఆమెకి పాటలే కావాలంటే బటన్లు నొక్కితే పాడే కార్వాన్ లాంటి ప్లేయర్ నయం. టీవీ రిమోట్‌లో మైక్ నొక్కి యూట్యూబ్‌లో తెలుగులో అడిగితే మాత్రం బాగానే వెతుకుతుంది, అది నేర్పండి. మిద్దె మీద క్రికెట్ కోసం తమ్ముడు మినీ ప్రొజెక్టర్ అడుగుతాడేమో. 4కే సపోర్ట్ అని రాస్తారు, నేటివ్ రిజల్యూషన్, అంటే నిజంగా చూపే గీతలు, చౌకవాటిలో చాలాసార్లు 720యే ఉంటాయి. వెలుగుకి ఆన్సీ ల్యూమెన్స్ (ప్రమాణం ప్రకారం కొలిచిన వెలుగు) ఎంతో అడగండి, అది చెప్పకపోతే కొనొద్దు.

డబ్బు లెక్క నేనైతే ఇలా వేస్తాను. టీవీకి 45 వేల లోపు, సౌండ్‌బార్‌కి 20 వేలు, మూడు ఫ్యాన్లకి పది వేలు, రౌటర్ యూపీఎస్, స్పైక్ గార్డ్, ఎర్తింగ్ పనులకి ఐదారు వేలు. మిగిలింది చేతిలో ఉంచుకోండి, ఇల్లు మారాక ఏది అవసరమో అప్పుడు తెలుస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి, అంతకుముందు తీసిన వీడియోల్లో ధరలు చూసి పోల్చుకోకండి. టీవీ వెనక బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటాయి, ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. టీవీ బిగించే మనిషి వచ్చాకే అతని ఎదురుగా బాక్సు విప్పి, వీడియో తీసుకోండి. బిల్లులో సీరియల్ నంబరు రాయించుకోండి. తేడా వచ్చి షాపతను తిప్పుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

హాలు పొడవు, వెడల్పు, కిటికీ ఏ దిక్కున ఉంది, టీవీ ఏ గోడకి పెడతారు, సోఫా ఎంత దూరం, ఇవి రాయండి. వీలైతే ఖాళీ హాలు ఫోటో ఒకటి పెట్టండి. 43 తీసుకోవాలా 50 తీసుకోవాలా అన్నది అవి చూశాకే చెప్పగలను.