శుక్లం సరే, ముందు ఆ చుక్కల సీసా సంగతి చూడండి

మీ నాన్నగారి కుడి కంట్లో శుక్లం ఉందన్నారు, మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేస్తున్నాం, వాటితో తగ్గుతుందా లేక ముదిరాక ఆపరేషన్ చేయించాలా అని అడిగారు.

చుక్కలతో తగ్గదు. శుక్లాన్ని కరిగించే మందు ఇంతవరకు రాలేదు. మసకబారిన లెన్స్ తీసి కొత్తది పెట్టడమే వైద్యం. ముదిరేదాకా ఆగాలన్నది పాతకాలం మాట. చూపు ఆనక రోజువారీ పనికి ఇబ్బందిగా ఉంటే చేయించేయండి. మరీ ముదిరితే ఆపరేషన్ కష్టమవుతుంది. ఎండాకాలం వద్దు, చలికాలం మంచిది అనే పట్టింపులు కూడా అక్కర్లేదు.

నాకు భయమంతా ఆ మెడికల్ షాపు చుక్కల గురించే.

మా మేనత్తది నర్సంపేట వైపు. ఒక యాసంగిలో కొనుగోలు సెంటర్‌లో వడ్లు పోస్తే, తాలు ఉందని తూకం వేయలేదు. ఫ్యాన్ పెట్టి తూర్పారబడుతుంటే పొట్టు ఎగిరి కంట్లో పడింది. నీళ్లతో కడుక్కుని మళ్లీ పనిలో పడింది. వడ్లు వదిలి ఎక్కడికి పోతుంది? తెల్లారి కన్ను ఎర్రబడితే ఊళ్లో ఆర్‌ఎంపీ చుక్కలిచ్చాడు. వేయగానే ఎరుపు తగ్గింది, నొప్పి తగ్గింది. మందు మంచిగ పనిచేసిందనుకున్నారు. కొన్నాళ్లకే నల్లగుడ్డు మీద బియ్యపు గింజంత తెల్లమచ్చ లేచింది. వెలుతురు చూడలేక, కొంగు అడ్డం పెట్టుకుని బస్సెక్కింది.

వరంగల్‌లో నేనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. మొదట ఆ సీసా చూపించమన్నారు. అది స్టెరాయిడ్. మచ్చ మీద కొంచెం గీకి మైక్రోస్కోప్ కింద చూసి ఫంగస్ అని చెప్పారు. ఆకుల మీద, పొట్టు మీద ఉండే ఫంగస్ గాయంలోంచి లోపలికి పోతుంది. స్టెరాయిడ్ వాపును అణిచి బాగైనట్టు కనిపించేలా చేస్తుంది, కానీ ఫంగస్‌తో పోరాడే శక్తిని కూడా అణిచేస్తుంది. లోపల ఫంగస్ పెరుగుతూనే ఉంటుంది.

గంటగంటకూ ఫంగస్‌ను చంపే నాటామైసిన్ చుక్కలు వేయాలన్నారు, రాత్రిళ్లు కూడా. సీసా బాగా ఊపకపోతే మందు అడుగునే ఉండిపోతుంది. మా వదిన అలారం పెట్టుకుని లేచి వేసేది. కన్ను నిలిచింది గానీ పువ్వు, అంటే మచ్చ, మిగిలింది. ఆ కంటితో మనిషి వచ్చినట్టు తెలుస్తుంది, ఎవరో తెలియదు. నల్లగుడ్డు మార్పిడి చేయొచ్చన్నారు. దానికి చనిపోయినవారి కళ్లు ఆరు గంటల్లోపు దానం ఇవ్వాలి, చావింట్లో ఆ మాట ఎత్తేవాళ్లేరి?

తాలు పేరుతో తరుగు తీయడం అందరికీ తెలుసు. ఫ్యాన్ ముందు నిలబడే ఆడవాళ్లకు కళ్లజోడు ఇవ్వాలని మాత్రం ఒక్కరికీ తోచదు! కంట్లో పసరు పోయడం, నాలుకతో నలుసు తీయించడం కూడా ఇంకా పోలేదు. 2018లో తెలంగాణ ప్రభుత్వ పథకం కంటి వెలుగు మొదలై ఊరూరా పరీక్షలు చేసి అద్దాలిచ్చారు, చత్వారం వచ్చినవాళ్లకు ఎంతో మేలు జరిగింది. కానీ గాయమైన కన్ను క్యాంపు వచ్చేదాకా ఆగదు, అదే రోజు చూపించాలి.

మీ నాన్నగారి సీసా మీద డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్, బీటామెథసోన్‌లలో ఏ పేరున్నా అది స్టెరాయిడే. డాక్టర్ చూడకుండా నెలల తరబడి వేస్తే శుక్లం పెరుగుతుంది, కంట్లో ప్రెషర్ పెరిగి నీటికాసులు (గ్లకోమా) రావచ్చు. శుక్లంతో తగ్గిన చూపు ఆపరేషన్‌తో వస్తుంది, నీటికాసులతో పోయిన చూపు దేనితోనూ రాదు. వరంగల్‌లో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, సీసాతో సహా తీసుకెళ్లి రెండు కళ్లకూ ప్రెషర్ చూడమనండి. షుగర్ ఉంటే రెటీనా (కంటి వెనక పొర) పరీక్ష కూడా ఆపరేషన్‌కు ముందే అడగండి. రెటీనా దెబ్బతిని ఉంటే లేజరో, ఇంజెక్షన్లో కావాలి, శుక్లం ఒక్కటే తీస్తే చూపు పూర్తిగా రాదు.