బేల్దారి వాళ్ల పిల్లలు బడికి ఎందుకు రావట్లేదంటే

బెంగళూరుకు బేల్దారి (కట్టడం) పనికొచ్చే తెలుగు కుటుంబాలు పిల్లల్ని బడికి పంపవెందుకు, చదువు విలువ తెలియకనేనా అని ఒకరు అడిగారు. కాదు. ఈ మాట ఎవరన్నా నాకు కోపమొస్తుంది, అందుకే ఇంత రాస్తున్నాను.

మాది కదిరి దగ్గర పల్లె. పద్నాలుగేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను, ఇప్పుడు వర్తూరు వైపు. మా అపార్ట్‌మెంటు గోడకు అవతల రెండేళ్లపాటు పెద్ద కట్టడం సాగింది. పనివాళ్ల రేకుల షెడ్లు మా బాల్కనీలోంచి కనబడేవి. చాలామంది కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని వైపు నుంచి సుగ్గికి, అంటే కూలికి వలస వచ్చినవాళ్లే. పొద్దున ఎనిమిదింటికి పెద్దవాళ్లు పనిలోకి దిగితే షెడ్ల దగ్గర మిగిలేది పిల్లలు. కాస్త ఎదిగిన ప్రతి ఆడపిల్ల చంకలోనూ ఒక పసిబిడ్డ.

నా జవాబు అదే. బడికి అడ్డం ఆ చంకలో బిడ్డ. కాగితాలు, భాష, డబ్బు అన్నీ ఆ తర్వాతే.

వాళ్లలో తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి ఉండేది, చంకలో తమ్ముడితో. ఊళ్లో మూడో తరగతి చదువుతూ మధ్యలో వచ్చేసింది. బడికి పంపమని ఒక ఆదివారం వాళ్లమ్మతో అన్నాను. "సదివించాలని నాకు లేదా అక్కా? నేను ఇటుకలు మోస్తాంటే ఈన్ని ఎవురు సూస్తారు? యాడ సూసినా గుంతలు, ఇనుప సువ్వలు" అంది. నా దగ్గర బదులు లేదు.

నవంబరులో ఆమెకు జ్వరమొచ్చి షెడ్డులోనే పడుకుంది. చిన్నోడు తల్లి దగ్గరే ఉంటాడు కదా అని, ఆమెను అడిగి పిల్లను దగ్గర్లోని సర్కారు బడికి తీసుకెళ్లాను. గేటు ముందు ఆ పిల్ల ఆగిపోయింది. పైన కన్నడంలో బోర్డు. ఏంటే అని అడిగితే, బోర్డు చదువుతోంది! "స... కా..." అని తడబడింది. కన్నడంలో 'ర్క' రాయాలంటే 'క' పక్కన తొమ్మిది అంకెలాంటి గుర్తు పెడతారు. మన పాత పుస్తకాల్లోని వలపలగిలకే అది. మా అవ్వ ఉత్తరాల్లో చూసిన గుర్తు నాకుంది, చెప్పాను. వెంటనే అందుకుంది: "సర్కారి... హిరియ... ప్రాథమిక..." మళ్లీ 'శ' దగ్గర ఆగి, నేను అందిస్తే "శాలె!" అని ముగించింది. తర్వాత నా వైపు తిరిగి, "మన అచ్చరాలే కదక్కా, తలకట్టు తీసేసి పైన అడ్డగీత పెట్టినారు" అంది. కన్నడం కష్టం, తెలుగు పిల్లలకు రాదు అని మనమే ముందు నిర్ణయించేస్తాం. ఆ పిల్ల గేటు దాటకముందే సగం నేర్చేసింది.

లోపల హెచ్ఎం గారు టీసీ, ఆధార్, పుట్టిన తేదీ కాగితం అడిగారు. ఏవీ లేవు. పైగా సంవత్సరం మధ్యలో ఎలా అన్నారు. నేను చదివి పెట్టుకునే వెళ్లాను. 2009 విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. టీసీ ఆలస్యమైందని ఆపకూడదని 5వ సెక్షన్, గడువు దాటిందని పంపేయకూడదని 15వ సెక్షన్ చెబుతాయి. ఆవిడ చెడ్డ మనిషి కాదు, పై ఆఫీసు ప్రశ్నలకు భయపడే మనిషి. కాసేపటికి కోలారు తెలుగులో, "రేపు వాళ్లమ్మను పిలుచుకురామ్మా, చేర్చుకుందాం" అన్నారు. కన్నడం పట్టుబడేదాకా నలి-కలి గదిలో చిన్నపిల్లలతో కూర్చోబెడతామన్నారు. ఒకటి నుంచి మూడు తరగతుల పిల్లలను కలిపి కార్డులతో, ఆటపాటలతో నేర్పే పద్ధతి అది. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటె టీచర్లు మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పల్లె బడులను చూసి వెళ్లి మొదలుపెట్టిందే.

అంతా బాగుంది. మూడో రోజు తల్లి జ్వరం తగ్గి పనిలోకి దిగింది. పిల్ల బడికి రాలేదు. బిడ్డ మళ్లీ చంకనెక్కాడు.

అంగన్‌వాడీకి వెళ్లి అడిగితే మూడేళ్లు నిండిన పిల్లల్నే కూర్చోబెట్టుకుంటామన్నారు. వీడికి ఏడాదిన్నర. యాభైమందికి పైగా ఆడవాళ్లు పనిచేసే కట్టడం దగ్గర ఆరేళ్లలోపు పిల్లలకు గది, చూసుకునే మనిషి ఉండాలని 1996 నిర్మాణ కార్మికుల చట్టంలోనే రాశారు. సూపర్‌వైజరును అడిగితే "మా దగ్గర అంతమంది లేరు మేడమ్" అన్నాడు. పొద్దున నా బాల్కనీలోంచి నేను లెక్కపెట్టింది డెబ్భై ఇద్దరు ఆడవాళ్లను.

మా అపార్ట్‌మెంటు వాళ్ల మీదా నాకు కోపమే. ఆగస్టు 15న బ్యాగులు, నోటుపుస్తకాలు పంచి ఫొటోలు దిగారు. బడికే పోలేని పిల్లకు బ్యాగెందుకు? ఆ డబ్బుతో బిడ్డల్ని చూసుకునే మనిషిని పెట్టండి అంటే, అది బిల్డరు పని కదా అన్నారు.

చివరికి దారి షెడ్లలోనే దొరికింది. మోకాళ్లు పోయి పని మానేసిన అవ్వ ఒకామె ఉండేది. ఏడుగురు పసివాళ్లను ఆమె చూసుకునేలా, తల్లులు రోజుకు పది రూపాయలు, మిగతాది నేనూ ఇంకో ఇద్దరూ ఇచ్చేలా మాట్లాడుకున్నాం. మరుసటి సోమవారం నలుగురు ఆడపిల్లలు బడికి నడిచి వెళ్లారు. చదువు విలువ గురించి వాళ్ల తల్లులకు ఎవరూ ఉపన్యాసం చెప్పలేదు.

ఉగాదికి ఊరెళ్లొచ్చాక వాళ్ల మేస్త్రీ ఆ కుటుంబాన్ని హోసకోటె దగ్గర ఇంకో కట్టడానికి మార్చాడు. వెళ్లేముందు టీసీ తీసుకుని ప్లాస్టిక్ కవరులో పెట్టి తల్లికి ఇచ్చాను. జూన్‌లో ఫోన్ చేసింది. బడి దగ్గరే ఉందట, కాగితాలన్నీ ఉన్నాయట. "ఈడ అవ్వ లేదక్కా" అంది. ఈ ఆదివారం హోసకోటె వెళ్తున్నాను. ఆ షెడ్లలో పనికి పోని పెద్దామె ఎవరన్నా ఉన్నారేమో చూడాలి.