తాతది ట్రెడిల్, నాన్నది ఆఫ్‌సెట్... అబ్బాయి ఏం చేయాలి?

ప్రశ్న: మాది రాజమండ్రి. మా నాన్నగారు 1964లో చిన్న ప్రింటింగ్ ప్రెస్ పెట్టారు. అప్పుడు కాలితో తొక్కి నడిపే ట్రెడిల్ మిషన్. 1994లో నేను చేతికి తీసుకుని డీటీపీ (కంప్యూటర్ మీద కంపోజింగ్) పెట్టాను. కంప్యూటర్ కొన్నానని నాన్నగారు ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. తర్వాత మినీ ఆఫ్‌సెట్ కొన్నాను, కొన్నాళ్ళు ఫ్లెక్సీలు కూడా వేశాం. ఇప్పుడు శుభలేఖలు బాగా తగ్గిపోయాయి. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. సీఎస్ఈ ఏఐలో మేనేజ్‌మెంట్ కోటా సీటు మాట్లాడాను, కావాలంటే ఆఫ్‌సెట్ మిషన్ అమ్మేస్తాను. వాడేమో ప్రెస్‌లోనే ఉంటానంటున్నాడు. రోజంతా పూతరేకుల పెట్టెలకు డిజైన్లు చేసుకుంటూ కూర్చుంటాడు. అమ్మాయి బీకాం ఫైనలియర్, సాయంత్రాలు ప్రెస్ లెక్కలు రాస్తుంది. నేను పడ్డ కష్టం వాడు పడకూడదు. బీటెక్ మంచిదా, బీబీఏ మంచిదా, పోల్చి చెప్పగలరు. - ఒక తండ్రి

జవాబు: బీటెక్కా బీబీఏనా అని అడిగారు గానీ, మీ ఉత్తరం రెండుసార్లు చదివితే నాకు కనబడింది వేరే దిగులు. ప్రెస్ మీ హయాంలో మూతపడితే నాన్నగారికి ఏం సమాధానం చెప్పుకోవాలని ఒక బెంగ. మూతపడకపోతే కొడుకు బతుకు కూడా సిరా మరకల్లోనే గడిచిపోతుందని ఇంకో బెంగ. ఏటా ఎంసెట్ ఫలితాలొచ్చిన వారంలో బట్టల కొట్టు వాళ్ళు, రైస్ మిల్లు వాళ్ళు, మందుల షాపు వాళ్ళు నన్నిదే అడుగుతారు. అందరూ కోర్సు పేరుతోనే మొదలుపెడతారు.

కోర్సు సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ ప్రెస్ కథ మీకే ఒకసారి చెప్పనివ్వండి.

మీ నాన్నగారి రోజుల్లో ప్రెస్ అంటే సీసపు అక్షరాలు. గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపి తెలుగు కేసుల్లో, అంటే అక్షరాలు ఉంచే చెక్క అరల్లో, వందల గళ్ళు. కంపోజిటర్ నిలబడే పని చేయాలి. చేతిలో స్టిక్ పట్టుకుని, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండే అక్షరాలను ఒక్కొక్కటే ఏరి పేర్చాలి. అచ్చు అయిపోయాక ఏ గడిలోది ఆ గడిలో మళ్ళీ సర్దాలి. మాఘమాసం ముహూర్తాల్లో పెళ్ళికూతుళ్ళలో సగం మంది లక్ష్ములే కావడంతో ఆ 'క్ష్మి'కి కరువొచ్చి, పక్క ప్రెస్‌కి అరువుకు పరుగెత్తేవాళ్ళమని ఒక ముసలి కంపోజిటర్ నాతో చెప్పాడు. వీరేశలింగం గారు పత్రిక కోసం సొంత అచ్చుకూటం పెట్టుకున్న ఊరు మీది. అక్కడ ఇలాంటి కథలకు కొదవుండదు.

మీరొచ్చాక ఆ కేసులన్నీ అటకెక్కాయి. కంపోజిటర్ పూటంతా చేసే పని కుర్రాడొకడు కీబోర్డు మీద గంటలో చేసేశాడు. ఆ తర్వాత శివకాశి నుంచి రెడీమేడ్ కార్డులొచ్చాయి. కార్డు వాళ్ళది, పేర్లు మాత్రం మీవి. ఫ్లెక్సీలొచ్చాయి. 2022లో ఆంధ్రలో ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించినప్పుడు మీకెంత టెన్షన్ పట్టుకుందో మీరు రాయకపోయినా ఊహించగలను. అంతకు ముందే 2020 లాక్‌డౌన్‌లో పెళ్ళిళ్ళు ఇంట్లోవాళ్ళతోనే జరిగిపోయాయి, శుభలేఖ ఫోన్‌లోకి వెళ్ళింది. వెళ్ళింది మళ్ళీ పూర్తిగా తిరిగి రాలేదు.

ఇప్పుడు చెప్పండి. ఇది అరవై ఏళ్ళ నాటి ఒకే వ్యాపారమా? బోర్డు మీద పేరు ఒకటే గానీ, కింద కనీసం మూడు వ్యాపారాలు మారాయి. మీ నాన్నగారి చేతి పని మీకు రాదు. మీ పని ఆయనకు నచ్చలేదు. మరి ఆయన్నుంచి మీకు దక్కిందేమిటి? ముహూర్తం తప్పు పడకుండా, గోత్రం తారుమారు కాకుండా చూస్తారని గోదావరికి అటూ ఇటూ ఉన్న కొన్ని వందల కుటుంబాలకు మీ మీద ఉన్న గురి. అది మిషన్‌తో పాటు అమ్ముడుపోయేది కాదు, కొనుక్కుందామన్నా దొరకదు.

మీ ఊళ్ళోనే దీనికి సరిగ్గా ఎదురు కథ ఒకటుంది. రత్నం పెన్నులు. స్వదేశీ ఉద్యమం రోజుల్లో, 1930ల మొదట్లో కె.వి. రత్నం గారు మొదలుపెట్టారు. ఆ పెన్ను వాడి చూసిన గాంధీజీ, బజార్లో దొరికే విదేశీ పెన్నులకు ఇది మంచి బదులేనంటూ 1935 జులైలో ఆయనకు ఉత్తరం రాశారు. బాల్‌పెన్ వచ్చి ఫౌంటెన్ పెన్నును ఇంటింటి నుంచీ తరిమేసింది. అయినా ఆ కుటుంబం ఎబొనైట్ (గట్టి రబ్బరు) కడ్డీని లేత్ మీద తిప్పి చేత్తో పెన్ను చేయడం మానలేదు. అక్కడ పని అలాగే ఉంది, కొనేవాడు మారాడు. ఒకప్పుడు రాసుకోవడానికి కొన్నారు, ఇప్పుడు దాచుకోవడానికి, బహుమతిగా ఇవ్వడానికి కొంటున్నారు. మీ ప్రెస్‌లో కొనేవాడు అలాగే ఉన్నాడు, పని మారుతూ వచ్చింది. రెండూ నిలబడే దారులే. పాత పని పాత గిరాకీకే అమ్ముతామని కూర్చుని, తాతలు నేతులు తాగారు మా మూతులు వాసన చూడండి అన్న కొట్లు మాత్రం ఎన్ని మూతపడ్డాయో మెయిన్ రోడ్డు మీద నడిస్తే మీకే తెలుస్తుంది.

ఇక మీకు కొంచెం కోపం తెప్పించే మాట. కంప్యూటర్ కొన్నప్పుడు మీ నాన్నగారు ఆర్నెల్లు మాట్లాడలేదని రాశారే, ఆ బాధ ముప్ఫై ఏళ్ళయినా మీరు మరచిపోలేదు. మరి పూతరేకుల పెట్టెల గురించి రాసిన వాక్యంలో మీరు చేస్తున్నదేమిటి? 'చేసుకుంటూ కూర్చుంటాడు' అట! మీ నాన్నగారు కూడా అచ్చం ఇలాగే అని ఉంటారు, కుర్చీలో కూర్చుని మీటలు నొక్కడం ఒక పనేనా అని.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఒకప్పుడు కాగితంలో చుట్టి ఇచ్చిన సరుకు ఇప్పుడు కొరియర్‌లో హైదరాబాద్, బెంగళూరు, అమెరికా దాకా వెళుతోంది. రేకు చేత్తో గట్టిగా పట్టుకుంటేనే పొడి అవుతుంది, కాబట్టి పెట్టె కొలత సరిగ్గా ఉండాలి. పెట్టె మీద ఫుడ్ లైసెన్స్ నంబరు, పచ్చ చుక్క, దినుసులు, బరువు, తయారీ తేదీ, ఎమ్మార్పీ ఉండాలి. ఒక్క అంకె తప్పు పడినా లాటంతా చెత్తబుట్టకే. తప్పు పడకుండా అచ్చు వేయడం, మీ ఇంట్లో అరవై ఏళ్ళుగా చేస్తున్నది అదే కదా? శుభలేఖ పోయిన చోట పెట్టె వచ్చింది. పచ్చళ్ళ వాళ్ళకు, కాజాల వాళ్ళకు, బెల్లం వాళ్ళకు కూడా ఇదే అవసరం. మీ అబ్బాయికి కనబడింది మీకు కనబడలేదంటే నేను నమ్మను. చూడకూడదని మీరు ఒట్టు పెట్టుకున్నట్టుంది.

సీఎస్ఈ ఏఐ సంగతికొస్తాను. దీని మీద నా అనుమానాలు పెద్దవి, దాచుకోను. 2024-25 నుంచి బాగా నడిచే కాలేజీలకు బ్రాంచికి ఇన్ని సీట్లే అన్న పరిమితిని సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ ఎత్తేసింది. దాంతో కంప్యూటర్ సెక్షన్లు పెరుగుతూ పోయాయి. సివిల్, మెకానికల్ తరగతి గదుల బోర్డులు మార్చేశారు. బోర్డు మార్చడం ఒక్క రాత్రి పని, పాఠం చెప్పేవాళ్ళను తయారుచేయడం కాదు. ఏఐ అన్న పేరు చూసి చేరే పిల్లలకు అసలు విషయం రెండో ఏడు దాకా తెలియదు. అదంతా లెక్కలు. మాట్రిక్సులు, సంభావ్యత మీద ఇష్టం లేనివాడికి ఆ బ్రాంచి నాలుగేళ్ళ శిక్ష. పైగా పెద్ద కంపెనీల్లో మామూలు ఫ్రెషర్ జీతం ఏళ్ళ తరబడి ఏడాదికి మూడున్నర లక్షల చుట్టుపక్కలే తిరుగుతోంది. చిన్న చిన్న కోడింగ్ పనులు ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేసి పెడుతుంటే, ఫ్రెషర్‌కి పని నేర్చుకునే మెట్టే సన్నబడుతోంది. ఇష్టంతో చదివిన పిల్లలు అక్కడా రాణిస్తారు, నా దగ్గరికొచ్చిన వాళ్ళలోనే అలాంటివాళ్ళున్నారు. వాళ్ళెవరూ తండ్రి మాట్లాడిన సీటులో తలొంచుకుని చేరినవాళ్ళు కాదు.

నేనూ ఒకసారి తప్పు చేశాను. చాలా ఏళ్ళ కిందట ఇత్తడి సామాన్ల కొట్టు వాళ్ళబ్బాయి ఒకడు ఇలాగే అడిగితే, ముందు డిగ్రీ చేతిలో ఉండనీ, కొట్టు ఎక్కడికి పోతుంది అన్నాను. కొట్టు పోయింది. అక్కడిప్పుడు సెల్‌ఫోన్ షాపు. ఆ అబ్బాయి ఉద్యోగం చేసుకుంటూ బాగానే ఉన్నాడు, నన్నేమీ అనలేదు. కానీ పండగకు ఊరెళితే ఆ వీధిలోకి మాత్రం వెళ్ళనని చెప్పాడు. అప్పటి నుంచి 'కొట్టు ఎక్కడికి పోతుంది' అన్న మాట నా నోట రాలేదు.

అందుకని ఆఫ్‌సెట్ మిషన్ అమ్మి మేనేజ్‌మెంట్ సీటు కొనడం మాత్రం వద్దు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని అవుతుంది.

మీరడిగిన పోలిక రెండు ముక్కల్లో చెబుతాను. మీవాడికి బీటెక్ అక్కర్లేదు. బీబీఏ అయినా బీకాం అయినా ఊళ్ళోని కాలేజీలో చాలు, మధ్యాహ్నానికల్లా ప్రెస్‌కి రాగలగాలి. ఆ రెంటిలో నా ఓటు బీకాంకి, ఎందుకంటే జీఎస్టీ, బ్యాలెన్స్ షీటు తెలియని బీబీఏ కుర్రాళ్ళను చాలామందిని చూశాను. చేతి పనే చదువుగా కావాలంటే సికింద్రాబాద్‌లో ప్రభుత్వ ప్రింటింగ్ టెక్నాలజీ సంస్థ ఉంది, అది డిప్లొమా. డిగ్రీ తర్వాత ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ వాళ్ళ కోర్సు చూడండి, వాళ్ళకు హైదరాబాద్‌లో కేంద్రం ఉంది. కుటుంబ వ్యాపారాల పిల్లల కోసమే ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) లాంటి చోట్ల ప్రత్యేకంగా కోర్సులున్నాయి. వాటికి తొందర లేదు. నాలుగేళ్ళు సొంత డబ్బుతో నష్టపోయి వెళ్ళినవాడికే ఆ పాఠాలు తలకెక్కుతాయి.

మీ అబ్బాయినీ పూర్తిగా వెనకేసుకు రాను. ప్రెస్ మీద ఇష్టంతో ఉంటానంటున్నాడా, ఎంసెట్ ర్యాంకు సిగ్గుతో అక్కడ దాక్కుంటున్నాడా? దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. వెయ్యి పెట్టెల ఆర్డరు వస్తే ఒక్కో పెట్టెకు ఎంత పడుతుందో కాగితం మీద రాసి ఇమ్మనండి. అట్ట బోర్డు ఏ జీఎస్‌ఎమ్ (ఎంత బరువుది), ప్లేటు ఎంత, లామినేషన్, డై పంచింగ్ (పెట్టె ఆకారానికి కోయడం), పేస్టింగ్ కూలి, వేస్టేజి ఎన్ని పెట్టెలు, డబ్బు ఎన్నాళ్ళకు చేతికొస్తుంది. ఆ చివరి లైను రాశాడంటే వాడు వ్యాపారస్తుడు. డిజైన్ మాత్రమే చూపించాడంటే ఇంకా పిల్లవాడే, ఇంకో ఏడాది మీ పక్కన కూర్చోబెట్టుకోండి.

రేపటి నుంచే నెల జీతం పెట్టండి. 'అంతా నీదే కదా' అనకండి. అంతా తనదే అన్న కొడుకు చేతిలో సినిమాకు వందా ఉండదు, అక్కడే మొదలవుతాయి ఇంట్లో గొడవలు. పెట్టెల లెక్క వేరే పుస్తకం, వేరే బ్యాంకు ఖాతా. అందులో తప్పయినా ఒప్పయినా నిర్ణయం వాడిది. మీరు రేటు విని కళ్ళెర్రజేయకూడదు.

ఇంక మీ అమ్మాయి. మూడేళ్ళుగా కామర్స్ చదువుతూ, రోజూ సాయంత్రం మీ ప్రెస్ లెక్కలు రాస్తున్న మనిషి గురించి మీరొక్క వాక్యమే రాశారు, అదీ దారిలో తగిలినట్టు. ఎవరు ఎంత బాకీ ఉన్నారో, ఏ నెలలో డబ్బు ఆడదో మీ ఇంట్లో అందరికన్నా తనకే బాగా తెలుసు. తనకు జీతం ఇస్తున్నారా? ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన హక్కు ఆంధ్రలో 1986లోనే చట్టమైంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. నేను చట్టం కోసం చెప్పడం లేదు, మీ లాభం కోసమే చెబుతున్నాను. పెట్టె గీసేవాడు ఒకడు, బాకీ వసూలు లెక్క తెలిసింది ఒకరు, ఇద్దరూ మీ ఇంట్లోనే ఉన్నారు. రేపు పార్టనర్‌షిప్ డీడ్ రాయించేటప్పుడు రెండు పేర్లూ ఉండాలి. పెళ్ళయి వెళ్ళిపోతుంది కదా అంటారేమో, మీ ప్రెస్‌కి ఫోన్‌లోనే సగం ఆర్డర్లు వస్తున్న రోజులివి.

ఈ ఆదివారం మిషన్ ఆపేశాక ముగ్గురూ కూర్చోండి. మాట్లాడేది వాళ్ళు, వినేది మీరు. ఆ వెయ్యి పెట్టెల లెక్క నాకూ ఒక కాపీ పంపమనండి, చూసి చెబుతాను. పెట్టెలో రేకులు పెట్టి పంపినా నాకేం అభ్యంతరం లేదు, బెల్లంవైతే మరీ మంచిది.